పాయింట్ 22 రైఫిల్ మ్యాగజైన్ మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

టెక్సస్‌లో ఒక పరిచయస్థుని దగ్గర కొన్న పాత బోల్టు యాక్షన్ రైఫిల్ మీద చేసిన పని ఇది. బోల్టు యాక్షన్ అంటే, బోల్టు అనే కడ్డీని చేత్తో వెనక్కీ ముందుకీ ఆడించి తూటా ఎక్కించే రకం. ఈ రైఫిల్ పాయింట్ 22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా వాడుతుంది. ఉక్కు రేకుతో చేసిన, ఊడదీయగలిగే మ్యాగజైన్, అంటే ఐదు తూటాలు పట్టే పెట్టె, ఉంది. మ్యాగజైన్ గూటిలో లొడలొడలాడేది, బోల్టు ముందుకు తోసినప్పుడు నాలుగైదు తూటాలకు ఒకటి చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి, వెళ్లకుండా అడ్డం పడేది. ఏ దశలో ఏం కొలిచాను, ఏం మార్చాను, ఏది పాడు చేశాను అన్నది వరుసగా రాస్తున్నాను. ఇదే లక్షణం ఉన్న రైఫిల్ చేతిలో ఉన్నవారు నా రెండో దశను వదిలేసి నేరుగా నాలుగో దశకు వెళ్తే ఒక మ్యాగజైన్ మిగులుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. అమెరికాలో యజమాని తన రైఫిల్‌ను తానే బాగు చేసుకోవచ్చు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. ఆంధ్ర, తెలంగాణల్లో రైఫిల్ క్లబ్బులకు వెళ్లే మిత్రులు ఇక్కడి కొలతల పద్ధతితో లోపం ఎక్కడుందో గుర్తించి, లోహాన్ని ముట్టుకునే పనిని లైసెన్సు ఉన్నవారికే అప్పగించాలి.

పనికి ముందు కట్టుబాట్లు

1. పని బల్ల ఉన్న గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. నేను తూటాలను వేరే గదిలో తాళం వేసి పెట్టాను.
2. బోల్టు తీసి, చాంబర్‌ను కంటితోనూ వేలితోనూ చూసిన తరువాతే పని మొదలుపెట్టాలి.
3. ఇంట్లో పరీక్షలన్నీ డమ్మీ తూటాలతోనే, అంటే మందు లేని నకిలీ తూటాలతోనే, చేయాలి. అసలు తూటాలు రేంజిలో (కాల్పుల సాధన స్థలంలో) మాత్రమే వాడాలి.
4. అసలు తూటా నుంచి గుండు పీకి, మందు పారబోసి డమ్మీ తయారు చేయకూడదు. ఇలాంటి రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు రిమ్ములోనే, అంటే డొల్ల అడుగు చుట్టూ ఉండే అంచులోనే, ఉంటుంది కాబట్టి గుండు లేకపోయినా అది పేలగలదు.

గోడకు స్క్రూలు బిగించేందుకు వాడే పసుపు ప్లాస్టిక్ ప్లగ్గులను కొందరు ఖాళీ ట్రిగ్గర్ సాధనకు వాడుతారు. వాటికి రిమ్ము సరైన కొలతలో ఉండదు కనుక మ్యాగజైన్ పరీక్షకు అవి పనికిరావు. నేను ప్లాస్టిక్ డమ్మీలు కొని, రిమ్ము వ్యాసం 7.06 మి.మీ.కు దగ్గరగా, మొత్తం పొడవు 25.4 మి.మీ. మించకుండా ఉన్నవాటిని కాలిపర్‌తో ఏరి మిగతావి పక్కన పెట్టాను.

తొలి లెక్క: ఏమీ ముట్టుకోకుండా 100 తూటాలు

పరికరాలు పట్టుకునే ముందు రేంజికి వెళ్లి, ఒకే రకం 40 గ్రెయిన్ల (గుండు బరువు) స్టాండర్డ్ వెలాసిటీ, అంటే మామూలు వేగం, తూటాలను పాత మ్యాగజైన్‌తో ఇరవై సార్లు నింపి కాల్చాను. ఇకపై దీనిని 1వ నంబరు మ్యాగజైన్ అంటాను. అడ్డం పడిన ప్రతిసారీ బోల్టును ఉన్నచోటే ఆపి, గొట్టాన్ని గురి వైపే ఉంచి, తూటా ఎక్కడ ఇరుక్కుందో చూసి పుస్తకంలో రాసుకున్నాను.

వంద తూటాల్లో 23 తప్పాయి. వాటి రకాలు ఇవి:

1. బోల్టు కింది అంచు రిమ్మును పట్టకుండా తూటా మీదుగా జారిపోవడం: 11
2. గుండు ముక్కు చాంబర్ కింది అంచుకు గుద్దుకోవడం: 8
3. ముక్కు కుడి పక్కకు తిరిగి గోడకు తగలడం: 3
4. రిమ్ముల మెలిక, అంటే పై తూటా రిమ్ము కింది తూటా రిమ్ముకు వెనకపడి రెండూ కలిసి కదలడం: 1

మ్యాగజైన్‌లోని స్థానం ప్రకారం చూస్తే మొదటి తూటాకు 2, రెండోదానికి 3, మూడోదానికి 4, నాలుగోదానికి 6, ఐదోదానికి 8 తప్పాయి. కింది తూటాలకు వచ్చేసరికి తప్పులు పెరగడం చూసి స్ప్రింగు బలహీనపడిందని, దానితోపాటు మ్యాగజైన్ పెదవులు, అంటే పై తూటాను పట్టి ఉంచే రేకు అంచులు, పాడయ్యాయని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయంలో స్ప్రింగు మాట కొంతవరకే సరైనది. పెదవుల మాట ఆ మ్యాగజైన్ విషయంలో పూర్తిగా తప్పు.

రిమ్ముల మెలిక గురించి ఇక్కడే చెప్పి ముగిస్తాను. 1887 నుంచి ఉన్న ఈ తూటాకు శరీరం 5.74 మి.మీ., రిమ్ము 7.06 మి.మీ. ఉంటుంది. ఆ తేడా వల్లనే నింపేటప్పుడు ప్రతి పై తూటా రిమ్ము కిందిదాని రిమ్ముకు ముందు కూర్చోవాలి. ఆ ఒక్క తప్పు నేను నింపడంలో జరిగినదే. తరువాత జాగ్రత్తగా నింపితే మళ్లీ రాలేదు.

ఇప్పటివరకు: తూటాలు 100, తప్పులు 23, ఖర్చు 0 డాలర్లు, సమయం 2 గంటలు.

ఒకటో దశ: శుభ్రం చేయడం, చాంబర్ అంచు చూడడం

ఈ తూటా గుండు మీద మైనం వంటి పూత బయటికే ఉంటుంది. అది మసితో కలిసి చాంబర్ చుట్టూ, డొల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద గట్టిపడుతుంది. పైగా అదే చాంబర్‌లో పొట్టివైన పాయింట్ 22 షార్ట్ తూటాలు చాలాకాలం వాడితే వాటి మూతి ఆగేచోట ఒక మసి వలయం ఏర్పడి, పొడవు తూటా చివరికి బిగుసుకుంటుంది. ఈ రైఫిల్‌లో అలాంటి వలయం కనిపించింది. సాల్వెంటుతో తడిపి, పావుగంట ఆగి, కంచు బ్రష్షును చేతితో తిప్పి తీశాను. ఎక్స్‌ట్రాక్టర్ కింది మసిని వెదురు పుల్లతో తీశాను. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఎందుకంటే ఆ మసిలో సీసం ఉంటుంది.

తరువాత దూది చుట్టిన పుల్లను చాంబర్ నోటి చుట్టూ తిప్పాను. పన్నెండు గంటల స్థానంలో దూది పోగు చిక్కుకుంది. ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ను నేరుగా చాంబర్ అంచుకు తగిలి, అక్కడి లోహం లోపలికి పొంగిన గుర్తు అది. దానిని నేను ముట్టుకోలేదు. ఇలాంటి బర్రును (పొంగిన లోహపు అంచును) ఆకురాయితో తీయకూడదు. తీస్తే అంచు దగ్గర తూటా డొల్లకు ఆసరా తగ్గుతుంది. పొంగిన లోహాన్ని తిరిగి తన చోటికి నొక్కే నునుపైన పనిముట్టు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర ఉంటుంది. ఆయన పది నిమిషాల్లో సరిచేశారు.

ఫలితం: 50 తూటాల్లో 10 తప్పులు. కాల్చిన డొల్ల బయటికి రావడం బాగా తేలికైంది, కానీ కొత్త తూటా లోపలికి వెళ్లడంలో తేడా లేదనే చెప్పాలి.

ఇప్పటివరకు: తూటాలు 150, తప్పులు 33. ఖర్చు 65 డాలర్లు, అందులో సాల్వెంటు, బ్రష్షులు 14, డమ్మీలు 11, గన్‌స్మిత్ 40. సమయం 5 గంటలు.

రెండో దశ: పెదవులు వంచడం, మ్యాగజైన్ పోగొట్టుకోవడం

ముక్కు కిందికి తగులుతోంది కాబట్టి ముక్కును పైకి లేపాలనుకుని, 1వ నంబరు మ్యాగజైన్ పెదవుల ముందు భాగాన్ని ప్లయర్లతో వెడల్పు చేశాను. ముందు చివర ఎడం 5.85 నుంచి 6.15 మి.మీ.కు పెరిగింది. ఒకేసారి 0.30 మి.మీ. వంచడం పెద్ద తప్పు. తూటా పెదవుల పట్టు నుంచి ముందే విడిపోయి, ముక్కు ఇప్పుడు చాంబర్ పై అంచుకు తగలసాగింది. రెండుసార్లు తూటా పైకి ఎగిరి బయట పడింది.

ఫలితం: 30 తూటాల్లో 12 తప్పులు.

తిరిగి పాత కొలతకు తెద్దామని లోపలికి వంచినప్పుడు ఎడమ పెదవి మూలలో వెంట్రుక వాసి పగులు కనిపించింది. వేడిచేసి గట్టిపరచిన పలుచని రేకు రెండు వైపులా వంగడాన్ని ఓర్చుకోదు. పగిలిన పెదవి కాల్చే సమయంలో విరిగితే ముక్క చాంబర్‌లో పడవచ్చు కాబట్టి ఆ మ్యాగజైన్‌ను కాల్పులకు వాడడం ఆపేశాను. దాని పెట్టె మాత్రం కొలతలకు ఉంచుకున్నాను.

ఇప్పటివరకు: తూటాలు 180, తప్పులు 45, ఖర్చు 65 డాలర్లు, సమయం 7 గంటలు.

మూడో దశ: కొత్త మ్యాగజైన్లు, పాత జబ్బు

రెండు కొత్త మ్యాగజైన్లు ఒక్కొక్కటి 32 డాలర్లకు కొన్నాను. వాటిపై 2, 3 అని అంకెలు రాశాను. మ్యాగజైన్లకు అంకెలు వేయడం చిన్న పనిగా కనిపిస్తుంది గాని, అది లేకపోతే తప్పు రైఫిల్‌దా, ఫలానా మ్యాగజైన్‌దా అన్నది ఎప్పటికీ తేలదు.

ఒక్కొక్కదానితో 20 చొప్పున 40 తూటాలు కాల్చితే 2వ నంబరుకు 3, 3వ నంబరుకు 5, మొత్తం 8 తప్పాయి. ఆ ఎనిమిదిలో ఆరు బోల్టు రిమ్ము మీదుగా జారినవే. కొత్త స్ప్రింగు, కొత్త పెదవులు ఉండి కూడా అదే రకం తప్పు వస్తోందంటే లోపం రైఫిల్‌లో ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో డమ్మీలతో చేసిన ఒక పరీక్షే ఈ పనినంతా మలుపు తిప్పింది:

1. మ్యాగజైన్‌లో ఐదు డమ్మీలు నింపి గూటిలో పెట్టాను.
2. ఎడమ చేతి వేలితో మ్యాగజైన్ అడుగును పైకి ఒత్తి పట్టుకున్నాను.
3. కుడి చేత్తో బోల్టును ఒకే వేగంతో ఆడించాను.
4. పది సార్లు నింపి, అంటే 50 డమ్మీలతో చేశాను. బోల్టు ఒక్కసారి కూడా రిమ్మును తప్పించుకోలేదు.
5. వేలు తీసేసి మళ్లీ 50 డమ్మీలతో చేస్తే 9 సార్లు తప్పించుకుంది.

ఈ వేలి పరీక్షను అసలు తూటాలతో ఎన్నడూ చేయకూడదు.

ఇప్పటివరకు: తూటాలు 220, తప్పులు 53, ఖర్చు 129 డాలర్లు, సమయం 9 గంటలు.

నాలుగో దశ: మ్యాగజైన్ ఎంత ఎత్తులో కూర్చుంటోంది

మొదటి రోజే చేయవలసిన కొలత ఇది. కాలిపర్ వెనక నుంచి బయటికి వచ్చే లోతు పుల్లతో, స్టాక్ (రైఫిల్ కలప భాగం) అడుగు పలక నుంచి మ్యాగజైన్ అడుగు వరకు రెండుసార్లు కొలిచాను. మ్యాగజైన్ తన బరువుతో వేలాడినప్పుడు ఒకసారి, వేలితో పైకి ఒత్తినప్పుడు ఇంకోసారి. ఆ రెండింటి తేడాయే నిలువు వదులు.

1వ నంబరు: 0.78 మి.మీ.
2వ నంబరు: 0.72 మి.మీ.
3వ నంబరు: 0.70 మి.మీ.

బోల్టు ముఖం మీద మార్కరు సిరా పూసి డమ్మీలను నడిపి చూస్తే, మ్యాగజైన్ వేలాడినప్పుడు రిమ్ము గీసిన గుర్తు ఎత్తు దాదాపు 0.5 మి.మీ. మాత్రమే ఉంది. పైకి ఒత్తినప్పుడు అది 1.2 మి.మీ. ఉంది. అర మిల్లీమీటరు పట్టుతో బోల్టు తోస్తుంటే, మైనం కాస్త పేరుకున్నా, స్ప్రింగు కాస్త ఆలస్యంగా లేచినా అది జారిపోక తప్పదు. కింది తూటాలకు తప్పులు ఎక్కువ రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. తూటాలు తగ్గేకొద్దీ స్ప్రింగు సాగి ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గిన ఒత్తిడిని అసలే తక్కువైన ఎత్తు భరించలేదు.

వదులు ఎక్కడి నుంచి వచ్చిందో చూసేందుకు మ్యాగజైన్‌ను పట్టి ఉంచే గొళ్లేన్ని ఊడదీశాను. అది ఒక ఇరుసు పిన్ను మీద తిరిగే చిన్న మీట. దాని కొక్కెం మ్యాగజైన్ వెనక గాడిలో పడుతుంది. పిన్ను 2.46, గొళ్లెం రంధ్రం నిలువుగా 2.68 మి.మీ. ఉన్నాయి, అంటే అక్కడ 0.22 వదులు. కొక్కెం అంచు అరిగి గుండ్రంగా మారినందువల్ల మరో 0.30 పోయింది. మిగిలిన 0.20 మ్యాగజైన్ సాఫీగా ఎక్కి దిగడానికి అవసరమైన సహజమైన ఖాళీ.

కొక్కెం మీద వెల్డింగుతో లోహం నింపవచ్చని రేంజిలో ఒక మిత్రుడు సూచించారు. అంత చిన్న భాగానికి ఆ వేడి తగిలితే గట్టిదనం పోతుందని నేను ఒప్పుకోలేదు. కొత్త గొళ్లెం, పిన్ను కలిపి 28 డాలర్లకు దొరికాయి. బిగించిన వరుస ఇది:

1. కొత్త రంధ్రం 2.52, కొత్త పిన్ను 2.50 అని కొలిచి చూశాను.
2. పిన్నును ఇత్తడి పుల్లతో, చిన్న సుత్తితో లోపలికి నెట్టాను. ఉక్కు పుల్ల జారితే రిసీవర్ (బోల్టు నడిచే లోహపు చట్రం) మీద గీత పడుతుంది.
3. మ్యాగజైన్ పెట్టి చూస్తే 2వది టక్కున పడింది, 3వది గట్టిగా ఒత్తితే తప్ప పడలేదు.
4. కొక్కెం పైభాగానికి మార్కరు సిరా పూసి, 3వది పెట్టి తీసి, సిరా చెరిగిన చోట మాత్రమే నున్నని నూనెరాయితో 0.08 మి.మీ. తీశాను. ప్రతి నాలుగైదు రుద్దుళ్లకు ఒకసారి ఆగి మ్యాగజైన్ పెట్టి చూశాను.

రాయి పట్టవలసింది మ్యాగజైన్ గాడికా, గొళ్లేనికా అన్న సందేహం వచ్చింది. గాడిని పెంచితే ఆ మ్యాగజైన్ ఒక్కటే కుదురుతుంది, రేపు ఇంకొకటి కొంటే పని మళ్లీ మొదటికి వస్తుంది. గొళ్లెం పాడైతే 28 డాలర్లతో పోతుంది. అందువల్ల గొళ్లేన్నే ఎంచుకున్నాను.

ఇప్పుడు నిలువు వదులు 2వ నంబరుకు 0.23, 3వ నంబరుకు 0.21 మి.మీ.

ఫలితం: ఒక్కొక్కదానితో 30 చొప్పున 60 తూటాల్లో 3 తప్పులు. బోల్టు రిమ్మును దాటిపోవడం ఒక్కసారి కూడా లేదు. ఆ మూడూ 3వ నంబరులో ముక్కు కిందికి తగిలినవి.

ఇప్పటివరకు: తూటాలు 280, తప్పులు 56, ఖర్చు 157 డాలర్లు, సమయం 15 గంటలు.

ఐదో దశ: స్టాక్ స్క్రూలు, ఒరిగిన అడుగు పలక

గొళ్లెం నొక్కినా మ్యాగజైన్ తనంతట తాను జారి పడడం లేదు, లాగవలసి వస్తోంది. మ్యాగజైన్ నాలుగు గోడలకూ సిరా పూసి పెట్టి తీస్తే ముందు గోడ కింది భాగంలో ఒక్కచోటే చెరిగింది. స్టాక్ స్క్రూలను వదులు చేయగానే మ్యాగజైన్ తన బరువుతోనే కిందికి జారింది.

పాత యజమాని ముందు స్క్రూను మరీ బిగించినందువల్ల వాల్‌నట్ కలప నలిగి, అడుగు పలక ముందు భాగం కలపలోకి 0.4 మి.మీ. దిగింది. పలక ఒరిగితే దానిలోని గూటి నోరు కూడా ఒరుగుతుంది. ఆ నోటి అంచు మ్యాగజైన్ ముందు గోడను వెనక్కి నొక్కుతోంది. అలా నొక్కుడుపడిన మ్యాగజైన్‌లో తూటా ముక్కు దిశ మారుతుంది.

గూటి నోటిని ఆకురాయితో వెడల్పు చేయడం తేలికైన దారి. కానీ అలా చేస్తే నలిగిన కలప అలాగే ఉండి, వచ్చే ఏడాది ఇంకాస్త నలుగుతుంది. అందుకు బదులు 0.4 మి.మీ. ఇత్తడి రేకును స్క్రూ చుట్టూ సరిపోయేలా కత్తిరించి పలకకూ కలపకూ మధ్య పెట్టాను. టార్క్ స్క్రూడ్రైవర్‌తో రెండు స్క్రూలనూ మార్చి మార్చి 10, 15, చివరికి 20 అంగుళం-పౌండ్ల వరకు బిగించాను. సందును కొలిచే 0.15 మి.మీ. ఫీలర్ గేజ్ రేకు మ్యాగజైన్ చుట్టూ ఎక్కడా ఆగకుండా తిరిగింది.

స్క్రూల బిగింపు మారితే గురి కూడా మారుతుంది. 50 గజాల దూరంలో గుండ్లు దాదాపు రెండు అంగుళాలు కిందికి పడ్డాయి, అందుకని గురిని మళ్లీ సరిచేయవలసి వచ్చింది. ఈ దశ చేసేవారు పోటీకి ముందు వారంలో చేయకపోవడం మంచిది.

ఫలితం: 60 తూటాల్లో 1 తప్పు, అదీ 3వ నంబరులోనే.

ఇప్పటివరకు: తూటాలు 340, తప్పులు 57. ఖర్చు 208 డాలర్లు, ఈ దశలో టార్క్ స్క్రూడ్రైవర్ 45, ఇత్తడి రేకు 6. సమయం 19 గంటలు.

ఆరో దశ: ఇప్పుడు పెదవులు

మిగిలిన తప్పు ఒకే మ్యాగజైన్‌ది, ఒకే రకానిది. పోల్చి చూసేందుకు తప్పు లేని 2వ నంబరు పక్కనే ఉంది. రెండింటిలోనూ రెండేసి డమ్మీలు పెట్టి, పై తూటా ముక్కు కొన మ్యాగజైన్ ముందు గోడకు ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. 2వది 2.10, 3వది 1.50 మి.మీ. 3వదాని ఎడమ పెదవి ముందు చివర కుడిదానికంటే 0.2 మి.మీ. దిగి ఉంది.

ఈసారి పద్ధతి మార్చాను:

1. ప్లయర్ల పళ్లకు పలుచని ఇత్తడి రేకు చుట్టాను.
2. ఎడమ పెదవి ముందు మూడో వంతును మాత్రమే పట్టుకుని, కాలిపర్‌లో 0.1 మి.మీ. మించకుండా పైకి ఎత్తాను.
3. ప్రతి ఎత్తుకూ 20 డమ్మీలు నడిపి, ముక్కు ఎత్తు మళ్లీ కొలిచాను.
4. భూతద్దంతో మూలలో పగులు ఉందేమో చూశాను.

మూడు విడతల్లో ముక్కు ఎత్తు 1.65, 1.80, 1.95 అయింది. 1.95 దగ్గర ఆపాను. 2.10 దాకా తెచ్చేందుకు ఇంకొక విడత చాలేది, కానీ డమ్మీలు అప్పటికే సాఫీగా వెళ్తున్నాయి. రెండో దశలో పగిలిన మూల ఇంకా నా బల్ల మీదే ఉంది.

చివరి పరీక్షకు రెండు మ్యాగజైన్లతో 100 చొప్పున 200 తూటాలు కాల్చాను. ఒక్కొక్కదానిలో 40 స్టాండర్డ్ వెలాసిటీ, 40 హై వెలాసిటీ, 20 గుంత ముక్కు ఉన్న 36 గ్రెయిన్ల తూటాలు. 2వ నంబరులో తప్పు లేదు. 3వ నంబరులో గుంత ముక్కు తూటా ఒకటి, ఐదో స్థానంలో, చాంబర్ కింది అంచు దగ్గర ఆగింది. ఆ మొండి ముక్కు గుండ్రని ముక్కులాగా అంచు మీదుగా జారదు. దాని కోసం పెదవిని మళ్లీ ముట్టుకోదలచుకోలేదు. 3వ నంబరు అడుగున "గుండ్రని ముక్కు మాత్రమే" అని రాసి పెట్టాను.

మొత్తం: తూటాలు 540, తప్పులు 58, చివరి 200లో 1. ఖర్చు 208 డాలర్లు, తూటాల ధర కాకుండా. సమయం 24 గంటలు. గొళ్లెం పిన్నును మరో 500 తూటాల తరువాత తీసి కొలుస్తాను. 2.50 నుంచి ఎంత తగ్గిందో ఈ పుటలోనే చేరుస్తాను.